ఒంట్లో బాగోలేనప్పుడు చైనా వాళ్ళ జుక్: ఇంట్లో కాచుకునే పద్ధతి

సింగపూర్‌లో మేం అద్దెకున్న ఫ్లాట్ పక్క గుమ్మంలో ఒక కాంటనీస్ పెద్దావిడ ఉండేవారు. అక్కడ వయసులో పెద్దవాళ్ళు ఎవరైనా ఆంటీ, అంకులే కాబట్టి నాకూ ఆవిడ ఆంటీయే. ఒకసారి నాకు జ్వరం వచ్చి మూడు రోజులకి తగ్గింది. తగ్గడమైతే తగ్గింది కానీ నోరంతా చేదు, ఏం చూసినా వెగటు. "మెత్తగా చారన్నం కలుపుకుని రెండు ముద్దలైనా తినవే" అని ఫోన్‌లో అమ్మ ఒకటే పోరు. కుక్కర్ పెట్టే ఓపిక లేదు. పెట్టినా ముద్ద గొంతు దిగుతుందన్న నమ్మకం లేదు.

ఆ సాయంత్రం ఆంటీ మూత పెట్టిన గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టారు. మూత తీస్తే పాలకన్నా చిక్కగా, పెరుగుకన్నా పల్చగా తెల్లటి జావ. పైన దారాల్లా సన్నగా తరిగిన అల్లం, నాలుగు ఉల్లికాడ ముక్కలు. గిన్నె కొంచెం కదిపితే మొత్తం ఒక్కటిగా కదిలింది. మెతుకు వేరు, నీళ్ళు వేరు అన్నట్టు లేదు. పింగాణీ స్పూనుతో అంచు దగ్గర కాస్త తీసుకుని నోట్లో పెట్టుకుంటే నమలాల్సిన పనే లేకుండా దిగిపోయింది. మూడు రోజుల తర్వాత నా కడుపు నిండింది ఆ పూటే.

ఆ జావని కాంటనీస్‌లో జుక్ అంటారు. తర్వాత ఆంటీ వంటింట్లో ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా ముందు స్టవ్ మీదకెక్కేది అదే. వస్తువులు చూస్తే బియ్యం, నీళ్ళు, ఉప్పు, ఒక చుక్క నూనె. కానీ ఎలా కాచామన్న దాన్ని బట్టి అది నోట్లో కరిగే జుక్ అవుతుంది, లేదంటే నీళ్ళు పోసిన మెత్తన్నం అవుతుంది. ఆ తేడా ఎక్కడ వస్తుందో వివరంగా చెప్తాను.

ముందు జుక్ అంటే ఏమిటో

చైనాలో చాలా ప్రాంతాల్లో ఈ జావ ఉంటుంది, కానీ తీరు మారుతుంది. కాంటనీస్ వాళ్ళు, అంటే గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ వైపు వాళ్ళు, గింజ పూర్తిగా విడిపోయి నీళ్ళలో కలిసిపోయేదాకా కాస్తారు. తియోచ్యూ వాళ్ళ, అంటే గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం తూర్పు కొస వాళ్ళ, 'మ్వే' వేరు. అందులో మెతుకు మెతుకుగానే ఉంటుంది, చుట్టూ పల్చటి గంజి, పక్కన చిన్న చిన్న గిన్నెల్లో నంజుడు. ఉత్తర చైనాలో బియ్యం బదులు కొర్రలతో కాస్తారు. అవును, మన కొర్రలే. ఆ కొర్ర జావలో బెల్లంలాంటి ముదురు రంగు చక్కెర వేసి బాలింతలకు పెడతారు. ఇంగ్లీషులో వీటన్నిటినీ కలిపి 'కాంజీ' అంటారు. ఆ మాట తమిళ 'కంజి' నుంచి వెళ్ళింది, మన 'గంజి'కి దగ్గరి చుట్టం.

అయితే మన గంజికీ జుక్‌కీ ఒక తేడా ఉంది. మనం గంజి అనేది అన్నం వార్చినప్పుడు వచ్చే నీళ్ళని. మన జావలు చాలావరకు పిండితోనో రవ్వతోనో కాచేవి. జుక్‌లో వార్చడం ఉండదు, పిండి కలపడం ఉండదు. మొత్తం గింజే నీళ్ళలో ఉడికి ఉడికి, పగిలి, తనలోని పిండిని వదిలి నీళ్ళని చిక్కబరుస్తుంది. అందుకే చిక్కగా ఉన్నా జిగురుగా ఉండదు. కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబరిస్తే పని తొందరగా అయిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. ఆ జారుడుతనం వేరు, ఇది వేరు.

ఏ బియ్యం, ఎన్ని నీళ్ళు

ఆంటీ వాడేది థాయ్ జాస్మిన్ బియ్యం. అప్పుడప్పుడూ చిక్కదనం కోసం ఒక గుప్పెడు పొట్టి గింజ బియ్యం కలిపేవారు. మన ఇళ్ళలో ఉండే సోనా మసూరి చక్కగా సరిపోతుంది. అన్నానికి మనం పాత బియ్యం కోసం వెతుక్కుంటాం, కొత్త బియ్యం వండితే ముద్దయిపోతుందని విసుక్కుంటాం. జుక్‌కి ఆ కొత్త బియ్యమే కావాలి. ముద్దయ్యే గుణమే ఇక్కడ మనకి పనికొస్తుంది. కొత్త బియ్యం బస్తా వచ్చినప్పుడు ఒక డబ్బా తీసి పక్కన పెట్టుకోండి.

బాస్మతి వద్దు. దాని గింజ పొడిపొడిగా విడిగా ఉండడానికే పుట్టింది, ఎంత కాచినా నీళ్ళు త్వరగా చిక్కబడవు. ఉప్పుడు బియ్యం కూడా వద్దు, అది ఒకసారి ఉడికి గట్టిపడినది కాబట్టి సులువుగా పగలదు. ముడిబియ్యం ఆరోగ్యానికి మంచిదే కానీ కడుపు బాగోని రోజు దాని పొట్టు అరగదు. నూకలు ఉంటే మాత్రం వదలకండి. సగం టైమ్‌లో అయిపోతుంది, రుచిలో పెద్ద తేడా ఉండదు. కాకపోతే దుమ్ము, రాళ్ళు లేకుండా బాగా కడగాలి.

కొలత ఎప్పుడూ పరిమాణంతోనే చూసుకోండి. ఒకటికి పది. 100 మిల్లీలీటర్లు పట్టే చిన్న టీ గ్లాసుతో ఒక గ్లాసు బియ్యానికి లీటరు నీళ్ళు. ఇది కాచాక మూడు గిన్నెలు అవుతుంది. రోగికి రెండు పూటలకి సరిపోగా కాచినవాళ్ళకి కూడా ఒకటి మిగులుతుంది. మొదటి రోజు, అంటే ఏమీ పట్టనప్పుడు, ఒకటికి పన్నెండు దాకా వెళ్ళొచ్చు. కోలుకుంటున్నప్పుడు ఒకటికి ఎనిమిది చాలు. ఒక గ్లాసు బియ్యం చూస్తే "ఇంతేనా?" అనిపిస్తుంది. చెయ్యి ఊరుకోక ఇంకో గుప్పెడు వేస్తే గంట తర్వాత గరిటె నిలబడే ముద్ద తయారవుతుంది. నేను మొదట్లో చేసిన తప్పు అదే.

గిన్నె మూడు లీటర్లకి తగ్గకూడదు, అడుగు మందంగా ఉండాలి. లీటరు నీళ్ళకి మూడు లీటర్ల గిన్నె ఎందుకంటే ఇది పాలలా పొంగుతుంది.

కాయడం

మొదటి పని బియ్యం కడగడం. రెండుసార్లు చాలు. మరీ నీళ్ళు తేరుకునేదాకా కడిగితే చిక్కదనం ఇచ్చే పిండి కొంత పోతుంది.

కడిగాక నీళ్ళన్నీ వడకట్టేసి, బియ్యంలో అర టీస్పూను నూనె, రెండు వేళ్ళకి వచ్చినంత ఉప్పు వేసి చేత్తో కలపండి. కాంటనీస్ వాళ్ళు ఎక్కువగా వేరుశెనగ నూనె వాడతారు. మన వంటింట్లో అది ఎలాగూ ఉంటుంది. అలా అరగంట వదిలేయండి. ఈ అరగంటలో గింజ తెల్లబడి పెళుసుగా తయారవుతుంది. ఒక గింజ తీసి రెండు వేళ్ళ మధ్య నలిపితే పొడిగా విరిగిపోవాలి. ఆంటీ ప్రతిసారీ ఇలా నలిపి చూసి, విరిగితేనే స్టవ్ వెలిగించేవారు. ఉప్పు, నూనె పట్టిన గింజ త్వరగా పగులుతుందనీ, జావ నున్నగా వస్తుందనీ ఆవిడ చెప్పేవారు. నూనె వల్ల పొంగు కూడా తగ్గుతుంది. విరేచనాలతో ఉన్నవాళ్ళకైతే నూనె మానేసి ఉత్తి ఉప్పుతో నానబెట్టండి.

ఇక నీళ్ళు. బియ్యం, చన్నీళ్ళు కలిపి స్టవ్ మీద పెట్టడం మన అలవాటు. ఇక్కడ అలా కాదు. నీళ్ళు తెర్లుతున్నప్పుడు బియ్యం వేయాలి. చన్నీళ్ళతో మొదలుపెడితే నీళ్ళు కాగేలోపు గింజలు అడుగున చేరి అతుక్కుంటాయి. మరిగే నీళ్ళలో వేస్తే ఆ ఉరవడికి అవే పైకీ కిందికీ తిరుగుతాయి. వేసిన వెంటనే చెక్క గరిటెతో అడుగు తాకుతూ రెండు నిమిషాలు కలపండి. తర్వాత అడుగంటే భయం చాలావరకు పోతుంది.

పెద్ద మంట మీద ఐదు నిమిషాలు ఉడకనిచ్చి, మంట బాగా తగ్గించండి. మూత పెట్టి, గిన్నెకీ మూతకీ మధ్య ఒక చెక్క గరిటె అడ్డం పెట్టండి. ఆ సందులోంచి ఆవిరి పోతుంది, పొంగదు. ఇప్పుడు గిన్నెలో బుడగలు ఒకటీ అరా మెల్లగా పైకి వచ్చి పగలాలి. కుతకుత ఉడికితే మంట ఎక్కువైందని గుర్తు. అసలు కదలికే లేకపోతే మరీ తగ్గిపోయిందని.

అలా 45 నిమిషాల నుంచి గంట. మధ్యలో పది నిమిషాలకోసారి వచ్చి అడుగు నుంచి ఒకసారి కలిపి వెళ్ళండి. సుమారు పాతిక నిమిషాలకి గింజలు రెండు కొసలా విచ్చుకోవడం కనిపిస్తుంది. చైనీస్‌లో దీన్ని 'పువ్వు విచ్చుకోవడం' అంటారు. గరిటెలో కొంచెం తీసుకుని వెలుతురుకి పట్టి చూడండి, ఒక్కో మెతుకు నడుమ ఇంకా గట్టిగా ఉండి రెండు చివర్లా రేకుల్లా విడివడి ఉంటుంది. అక్కడితో ఆపేస్తే తియోచ్యూ తీరు. మనకి కావలసింది ఇంకా ముందుంది.

నీళ్ళు తగ్గాయనిపిస్తే మరిగే నీళ్ళే పోయాలి. చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోయి మెతుకు, నీళ్ళు విడిపోతాయి, తర్వాత ఆ నునుపు అంత సులువుగా రాదు. అందుకే నేను పక్క స్టవ్ మీద చిన్న గిన్నెలో ఒక గ్లాసు నీళ్ళు ఎప్పుడూ కాగబెట్టి ఉంచుతాను.

చివరి పది నిమిషాలు మాత్రం మీరు అక్కడే నిలబడాలి. మూత తీసేసి, మంట కొంచెం పెంచి, ఒకే వైపు గుండ్రంగా కలుపుతూ ఉండండి. పగిలిన గింజలు ఒకదానికొకటి రాసుకుని కరుగుతాయి. నీళ్ళ రంగు మారడం కళ్ళకి కనిపిస్తుంది. అప్పటిదాకా గాజులా ఉన్నది ఒక్కసారిగా పాలలా తెల్లబడుతుంది. గరిటె ఎత్తి వంచితే ధార తెగకుండా జారాలి. గిన్నె అంచున మెతుకు, నీళ్ళు విడివిడిగా కనిపిస్తే ఇంకో ఐదు నిమిషాలు. రెండూ ఒకటైపోయి, ఏది ఏదో చెప్పలేని స్థితికి వస్తే జుక్ అయినట్టు.

స్టవ్ కట్టేసి మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. పైన పల్చటి పొర కడుతుంది, పాల మీద మీగడలాగే. చైనాలో దాన్ని 'బియ్యపు నూనె' అంటారు. పేరుకే నూనె, నిజానికి అది గింజల సారమే. బలహీనంగా ఉన్నవాళ్ళకి మంచిదని పాతకాలం నుంచీ వాళ్ళ నమ్మకం. ఇంట్లో రోగి ఉంటే ఆ పైపొర ముందు వాళ్ళ గిన్నెలోకే వెళ్ళాలి.

ఒకవేళ అడుగంటితే గోకకండి, కలపకండి. పైనున్నదంతా మెల్లగా ఇంకో గిన్నెలోకి వంచేయండి. గోకారంటే మాడు వాసన మొత్తానికి పట్టేస్తుంది. జ్వరంతో ఉన్నవాళ్ళకి ఆ వాసన అసలు పడదు.

కుక్కర్‌లో అయితే

గంటసేపు స్టవ్ దగ్గర ఉండడం అందరికీ కుదరదు. ప్రెషర్ కుక్కర్‌లో ఒకటికి ఎనిమిది నీళ్ళు చాలు, ఎందుకంటే ఆవిరి పెద్దగా పోదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బియ్యం, నీళ్ళు కలిపి కుక్కర్‌లో సగం దాటకూడదు, మూడో వంతుంటే ఇంకా మంచిది. ఈ నురగ ఆవిరి వెళ్ళే రంధ్రంలో అడ్డుపడితే ప్రమాదం. అర టీస్పూను నూనె ఇక్కడ తప్పకుండా వేయండి. మొదటి విజిల్ వచ్చాక సిమ్‌లో 15 నుంచి 20 నిమిషాలు. తర్వాత ఆవిరి దానంతటదే దిగాలి. విజిల్ ఎత్తి ఆవిరి వదిలితే వేడి గంజి చిమ్ముతుంది, చేతులు కాలతాయి. మూత తీశాక మెతుకు కింద, నీళ్ళు పైన ఉంటాయి, చూసి కంగారు పడకండి. స్టవ్ మీద మూత లేకుండా పెట్టి ఐదు నిమిషాలు కలిపితే కలిసిపోతుంది.

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌లో ప్యారిడ్జ్ బటన్ ఉంటే అది నొక్కి పడుకోవచ్చు. చైనాలో మెడిసిన్ చదివే మన పిల్లలకి హాస్టల్లో జ్వరం వస్తే ఇంతకన్నా సులువైన దారి లేదు. అక్కడి కుక్కర్లలో జావకి విడిగా బటన్ ఉండడం మామూలే. ఏది అదో తెలియకపోతే పక్క గది చైనీస్ స్నేహితుల్ని అడిగి దానిమీద స్టిక్కర్ అంటించి పెట్టుకోండి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే.

ఏ ఇబ్బందికి ఏం వేయాలి

ఉత్తి తెల్ల జుక్ ఒక పునాది. దానిమీద ఏం వేస్తామన్నది రోగి ఏ స్థితిలో ఉన్నాడన్నదాన్ని బట్టి. నాకు ఈ జావ మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఇదే. ఒకే గిన్నె మొదటి రోజు నుంచి కోలుకునేదాకా మనిషితో పాటు నడుస్తుంది.

వాంతులు అవుతుంటే పైన తేరిన పల్చటిది మాత్రమే, చిటికెడు ఉప్పుతో, ఐదు నిమిషాలకి రెండు స్పూన్ల చొప్పున ఇవ్వండి. నిలిస్తే పెంచండి. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఉత్తి జుక్, ఉప్పు, అంతే. కానీ ఓఆర్‌ఎస్ తాగుతూ ఉండాలి. జుక్‌లో నీళ్ళూ ఉప్పూ ఉన్నా ఓఆర్‌ఎస్‌లో ఉండే కొలత వేరు, ఒకదాని బదులు ఇంకొకటి కుదరదు.

జలుబు, ఒళ్ళునొప్పులు, ముక్కు దిబ్బడ ఉంటే అల్లం పని మొదలవుతుంది. బొటనవేలంత ముక్క చెక్కు తీసి పల్చటి బిళ్ళలుగా కోసి, ఆ బిళ్ళల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి దారాల్లా తరగండి. సగం దారాలు చివరి పది నిమిషాల్లో జావలో వేసేయండి, మిగతా సగం వడ్డించేటప్పుడు పైన. ఉడికిన అల్లం వేడినిస్తుంది, పచ్చి అల్లం ఘాటు ముక్కు తెరుస్తుంది. ఉల్లికాడల్లో తెల్ల భాగం అల్లంతో పాటే వేసి, పచ్చ భాగం ఆఖర్న చల్లండి. తెల్ల మిరియాల పొడి చిటికెడు, లేకపోతే మన నల్ల మిరియాలే. గొంతునొప్పి ఉన్నవాళ్ళకి పచ్చి అల్లం, మిరియం మంట పుట్టిస్తాయి. వాళ్ళకి పెద్ద అల్లం బిళ్ళలు రెండు వేసి ఉడికించి, తీసేసి, గోరువెచ్చగా ఇవ్వండి.

మనలాగే వాళ్ళకీ వేడి చేయడం, చలవ చేయడం అన్న లెక్క ఉంది. వేయించినవి తిని నోరు పూసినా, గొంతు నొప్పి పెట్టినా కాంటనీస్ వాళ్ళు 'యీత్ హేయ్' అంటారు, అచ్చంగా మన వేడి చేయడమే. ఆంటీ ఆ మాట అన్నప్పుడు నాకు విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎండాకాలం చలవకి వాళ్ళు పెసలు వేసి జావ కాస్తారు. పథ్యం కూడా ఉంది. జ్వరం పూర్తిగా తగ్గేదాకా కోడిమాంసం పెట్టని ఇళ్ళు అక్కడా ఉన్నాయి.

ఆకలి తిరిగి మొదలయ్యాక, అంటే రోగి "ఇంతేనా, ఇంకేం లేదా" అని అడిగిన రోజు నుంచి, మాంసకృత్తులు చేర్చండి. సులువైనది గుడ్డు. ఒక గుడ్డు గిలక్కొట్టి, తెర్లుతున్న జుక్‌లో సన్నటి ధారగా పోసి, పది లెక్కపెట్టి అప్పుడు కలపండి. వెంటనే కలిపితే గుడ్డు కరిగిపోయి నీచువాసన వస్తుంది. ఆగి కలిపితే తెరలు తెరలుగా వస్తుంది. రోగికి కాబట్టి ఇంకో రెండు నిమిషాలు బాగా ఉడకనివ్వండి.

చికెన్ అయితే ఎముకలేని ముక్కని అడ్డంగా పల్చగా కోసి, ఉప్పు, మిరియాల పొడి, అర టీస్పూను కార్న్‌ఫ్లోర్ పట్టించి పావుగంట ఉంచండి. జుక్‌ని చిక్కబరచడానికి వద్దన్న కార్న్‌ఫ్లోర్ ఇక్కడ మాత్రం పనికొస్తుంది, మాంసం గట్టిపడకుండా కాపాడుతుంది. మరిగే జుక్‌లో విడివిడిగా వేసి నాలుగైదు నిమిషాలు. ముక్క తుంచితే లోపల గులాబీ రంగు అసలు కనిపించకూడదు.

చేప సంగతి కొంచెం ప్రత్యేకంగా చెప్పాలి. ఆపరేషన్ అయినవాళ్ళకి కుట్లు త్వరగా మానాలని సింగపూర్, హాంకాంగ్ చైనీస్ ఇళ్ళలో ఒక చేపతో సూప్ కాచి ఇస్తారు, జుక్‌లో కూడా వేస్తారు. మార్కెట్‌కి ఆంటీతో వెళ్ళి చూస్తే నాకు బాగా తెలిసిన చేపే: పాము తలలాంటి తల, నల్లటి ఒళ్ళు, నీళ్ళ తొట్టిలో బతికే ఉంది. అది మన కొరమీను, తెలంగాణ రాష్ట్ర చేప. ముల్లు తక్కువ కాబట్టి నీరసంగా ఉన్నవాళ్ళు కూడా భయం లేకుండా తినొచ్చు. ఎముక తీసి పల్చగా కోయించుకుని, అల్లం దారాలతో కలిపి, మరిగే జుక్‌లో మూడు నాలుగు నిమిషాలు ఉడికించండి. అక్కడి హోటళ్ళలో పచ్చి చేప ముక్కల్ని గిన్నె అడుగున పెట్టి, పైన వేడి జుక్ పోసి ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మాట వేరు, రోగికి అలా వద్దు.

శాకాహారులకి చిలగడదుంప. చెక్కు తీసి బొటనవేలంత ముక్కలు కోసి, జుక్ సగం ఉడికాక వేస్తే చాలు. ఆగ్నేయ చైనాలోని ఫుజియాన్, దాని ఎదురుగా ఉన్న తైవాన్ వైపు ఇది ఇంటింటి వంట. తియ్యగా ఉంటుంది, పిల్లలు పేచీ పెట్టకుండా తింటారు. గుమ్మడికాయ కూడా అంతే.

సోయా సాస్ నాలుగు చుక్కలు, నువ్వుల నూనె రెండు చుక్కలు ఆఖర్న వేసుకోవచ్చు. చైనా నువ్వుల నూనె వేయించిన నువ్వులది, ముదురు రంగులో ఘాటైన వాసనతో ఉంటుంది. మన గానుగ నూనెకి ఆ వాసన రాదు. అది దొరకకపోతే కాసిన్ని నువ్వులు వేయించి నలిపి చల్లండి. నంజుకోడానికి వాళ్ళు ఆవ మొక్క దుంప ఊరగాయ పెట్టుకుంటారు. మనకి నిమ్మకాయ ఊరగాయ చిన్న ముక్క చాలు, అదీ కడుపు కుదుటపడ్డాకే. ఆవకాయ ఇంకో నాలుగు రోజులు ఆగాలి. జుక్‌లో ముంచుకుని తినే పొడుగాటి నూనె రొట్టెలు కూడా అంతే, అవి ఆరోగ్యంగా ఉన్న రోజు సంబరం.

ఎవరికి జాగ్రత్త

షుగర్ ఉన్నవాళ్ళకి జుక్ ఒంటరిగా పెట్టకండి. బాగా ఉడికి విడిపోయిన పిండి కాబట్టి రక్తంలో చక్కెరని త్వరగా పెంచుతుంది. చిన్న గిన్నెడు, అందులో గుడ్డో చికెనో తప్పకుండా ఉండేలా చూడండి. షుగర్ చెక్ చేసుకుంటూ ఉండాలి. జ్వరంలో సరిగ్గా తినడం లేదని మందు సొంతంగా మానేయడం, తగ్గించడం వద్దు, డాక్టర్‌ని అడగండి. బీపీ, కిడ్నీ ఇబ్బందులుంటే సోయా సాస్ వద్దు, అందులో ఉప్పు చాలా ఎక్కువ. ఏడాది లోపు పిల్లలకి ఉప్పు లేకుండా కాయాలి. పెద్దవయసు వాళ్ళని వెనక్కి జారగిలబడి కాకుండా నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి. మింగుతున్నప్పుడు పొలమారుతుంటే, దగ్గు వస్తుంటే ఆపి డాక్టర్‌కి చెప్పాలి.

జుక్ మందు కాదు. జ్వరం మూడు రోజులు దాటినా, కడుపులో బాగా నొప్పి వచ్చినా, ఎక్కడైనా రక్తం కనిపించినా, మూత్రం తగ్గినా, నీళ్ళు కూడా నిలవకపోయినా, మనిషి మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. డెంగీ సీజన్‌లో జ్వరం తగ్గిన రోజుల్లో కూడా ఈ లక్షణాల మీద కన్నేసి ఉంచాలి.

వడ్డన, మిగిలింది

"మనిషి జావ కోసం ఎదురుచూడాలి కానీ జావ మనిషి కోసం ఎదురుచూడకూడదు" అని చైనాలో ఒక మాట ఉంది. నిలవున్న కొద్దీ జుక్ నీళ్ళు పీల్చేసుకుని గట్టిపడుతుంది. రోగి నిద్రలో ఉంటే లేచే వేళకి అయ్యేలా లెక్క చూసుకుని స్టవ్ మీద పెట్టండి. గిన్నెలో పోశాక ఐదు నిమిషాలు ఆగి ఇవ్వాలి. పైకి చల్లారినట్టు కనిపిస్తుంది కానీ లోపల మరుగుతూనే ఉంటుంది. నాలుక కాల్చుకున్న రోగి ఇంకో స్పూను తీసుకోడు. అంచుల వెంబడి పైపైన తీసుకుంటూ తినమనండి, ఆంటీ నాకు చూపించినట్టు.

మిగిలినది గంట రెండు గంటల్లో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉడికిన బియ్యం బయట వదిలేస్తే చెడిపోతుంది, తిరిగి మరిగించినా ఆ చెడు పూర్తిగా పోదు. ఫ్రిజ్‌లో మర్నాటికల్లా వాడేయాలి. అప్పటికి అది గడ్డలా ఉంటుంది. పావు వంతు వేడినీళ్ళు పోసి, సన్నమంట మీద కలుపుతూ తెర్లేదాకా మరిగిస్తే మళ్ళీ మొదటిలా అవుతుంది.

ఒంటరిగా ఉండేవాళ్ళకి ఒక పద్ధతి చెప్పాలి, వీళ్ళకి కాచి ఇచ్చే చెయ్యి పక్కన ఉండదు కాబట్టి. ఒక టీ గ్లాసు బియ్యం కడిగి అరగంట నానబెట్టి, వడకట్టి, రెండు స్పూన్ల నీళ్ళతో జిప్ కవర్‌లో వేసి పల్చగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. గింజలో చేరిన నీళ్ళు గడ్డకట్టి సాగినప్పుడు గింజ లోలోపలే చిట్లుతుంది. రాత్రంతా ఉంటే చాలు, నెల రోజులున్నా ఫర్వాలేదు. జ్వరం వచ్చిన రోజు కరిగించకుండా అలాగే మరిగే నీళ్ళలో వేస్తే గంట పట్టే పని 20 నిమిషాల్లో అయిపోతుంది. కవర్ మీద మార్కర్‌తో "నీళ్ళు లీటరు, 20 నిమిషాలు, చివర్లో బాగా కలపాలి" అని రాసిపెట్టండి. ఆ రోజు రూమ్మేట్ వచ్చి తలుపు తడితే, పక్క మీద నుంచి లేవకుండా ఫ్రీజర్ వైపు చూపిస్తే సరిపోతుంది.